రాతివలయాలు, దాచిన పెట్టె

నాగపురానికి చేరువలో జునాపాణి అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతపు బయలు నేలమీద సుమారు 300 రాతివలయాలు పరచుకొని ఉన్నవి. పెద్ద గుండ్రాళ్లను చక్రాకారంగా పేర్చి, నడుమ మట్టితోను చిన్న రాళ్లతోను దిబ్బ పోసిన కట్టడాలవి. వాటిని నిర్మించినవారు ఒక్క అక్షరమైనా వ్రాసిపెట్టలేదు. ఇనుము వాడుక తెలిసిన జనం, క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో, తమ మృతులను ఈ విధంగా సాగనంపారని మాత్రం త్రవ్వకాల వల్ల తేలింది.

చరిత్ర పేరు చెప్పలేని చోట కథ పేరు పెడుతుంది. ఇటువంటి సమాధులను తెలుగువారు రాక్షసగుళ్లు అన్నారు. కన్నడదేశంలో వాటిని మోరియర మనెలు, అనగా మోరియరుల ఇండ్లు అంటారు. ఆ మోరియరులు మరుగుజ్జులట. అయినా కొండంత బండలను అవలీలగా ఎత్తగలవారట. కేరళంలో ఆ గుంటలు పాండుకుళులైనవి. పాండవుల పేరు వాటిని అంటిపెట్టుకొన్నది. చరిత్రకారుడు ఈ కథలను నమ్మనక్కరలేదు. కాని వీటిని తేలికగా చూడనూ కూడదు. ఇది మరెవరి ఇల్లో అన్న శంక ఉన్నంతకాలం రాతిమీద గడ్డపార వేయడానికి చేయి వెనుకాడుతుంది. ఏ ప్రభుత్వమూ కాపలా పెట్టని శతాబ్దాలలో ఆ వెనుకాటు కొంత కాపలా కాసింది.

భయం తగ్గిన చోట ఆశ పుట్టింది. రాక్షసుల కొంప అయితే అడుగున లంకెబిందెలు ఉండకపోవునా అని రాత్రివేళ బండలను పెకలించినవారు ఎందరో. వారి గడ్డపారకు తగిలినవి నలుపు ఎరుపు కలిసిన కుండలు, ఇనుప గొడ్డళ్లు, పూసలు, ఎముకలు. విదర్భ వలయాలలోనైతే గుర్రపు కళ్లెపు ముక్కలు. బంగారం కానిదల్లా వారికి పెంకు. దానిని పగులగొట్టి వెళ్లిపోయారు.

త్రవ్వినవాడు ప్రతివాడూ దొంగ కాడు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో సురపురం సంస్థాన వ్యవహారాలు చూసిన మెడోస్ టేలర్ ఆ ప్రాంతపు సమాధులను త్రవ్వించి, ఏ పొరలో ఏది ఉన్నదో బొమ్మ గీసి ఉంచాడు. 1947లో బ్రహ్మగిరిని త్రవ్విన మార్టిమర్ వీలర్ ఆ బొమ్మలను మెచ్చుకొన్నాడు. దొంగా పండితుడూ ఇద్దరూ మృతుని సొత్తును బయటికి తీసినవారే. పండితుడు తాను తీసినదానికి లెక్క వ్రాసిపెట్టాడు.

మన కాలంలో మరొక విధమైన నిధివేట వచ్చింది. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం తన ఉపగ్రహాల సంకేతాలలో బుద్ధిపూర్వకంగా కలుపుతూ వచ్చిన పొరపాటును తొలగించింది. దానితో సామాన్యుని చేతిలోని పరికరం కూడా అతడు నిలిచిన తావును కొద్ది గజాల తేడాతో చెప్పగలిగింది. మే 3న ఆరిగన్ రాష్ట్రంలో ఒక డబ్బాను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించారు. డబ్బాలో కొన్ని చిన్న వస్తువులు, ఒక పుస్తకం, ఒక పెన్సిలు. దొరికినవాడు ఒకటి తీసుకొని, ఒకటి ఉంచి, పేరు వ్రాసి పోవాలి. జియోక్యాషింగ్ అనే ఆట ఆ విధంగా పుట్టింది. ఆ తొలి డబ్బా సగం భూమిలో పూడ్చినదే. తరువాత ఏర్పడిన నియమం మాత్రం పెట్టె కోసం నేలను త్రవ్వరాదని చెబుతున్నది.

ఈ ఆట మన రాతివలయాల దాపునకు వస్తే దానిని ఆదరించవచ్చునా? ఆదరించవచ్చును, అయితే పెట్టె వలయంలో ఉండరాదు. పెట్టెను దాచడానికి ఒక రాయిని కదిపితే వెదకవచ్చినవాడు పది రాళ్లు కదుపుతాడు. పదవ మనిషి వచ్చేనాటికి దిబ్బ రూపే మారుతుంది. వలయానికి దూరంగా, ఊరి బాట పక్కన, గ్రామస్థుల అనుమతితో ఏ చెట్టుతొర్రలోనో దానిని ఉంచాలి. అందులోని మొదటి కాగితం మీద ఆ ఊరివారు చెప్పుకొనే కథనూ, త్రవ్వకాలు తేల్చిన సంగతినీ పక్కపక్కన వ్రాయాలి. వచ్చినవాడు రెండూ చదివి వలయం దాకా నడిచి, చూచి, ఏదీ ముట్టకుండా తిరిగిరావాలి.

మృతుని చెంత కుండను, గొడ్డలిని ఉంచినవారు వాటిని ఎవరైనా తీయాలని కోరలేదు. తమ పేరూ చెప్పలేదు. చెట్టుతొర్రలోని పుస్తకంలో మన పేరు వ్రాసుకొనేటప్పుడు ఆ పేరు లేనివారి ఇంటికి అతిథులుగా వచ్చామన్న జ్ఞాపకం ఉంటే చాలును.