పొలం దొరికింది, ఇల్లేదీ?

అనంతపురం జిల్లాలో ముత్తాతల నాటి ఇంటి జాడ తీయబోయినవాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. పొలం సంగతి అడిగితే రెవెన్యూ రికార్డు గడగడా చెప్పేస్తుంది: సర్వే నంబరు, విస్తీర్ణం, తరం, శిస్తు, పట్టాదారు పేరు. ఇంటి సంగతి అడిగితే మాత్రం నోరు మెదపదు. ఇళ్లన్నీ ఉండేది గ్రామకంఠంలో. మెట్టచేను సెంట్లతో సహా లెక్క తేలినా, ఊరి నడిబొడ్డు మాత్రం రిజిస్టరులో ఉమ్మడిగా ఒక్క పద్దే. గ్రామకంఠం మీద భూమిశిస్తు లేదు. శిస్తు లేనిచోట ఎవరి పేరు రాసుకోవాల్సిన అవసరమూ సర్కారుకు రాలేదు.

ఐర్లండులో కథ వేరు. 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి, 1821-1851 నాటి జనగణన కాగితాలు చాలావరకు బూడిదయ్యాయి. అయినా వలసపోయిన కుటుంబాల వారసులు పూర్వీకుల ఇల్లు వెతుక్కోగలుగుతున్నారు. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ చేయించిన మదింపులో పొలంతో పాటు ఇంటికీ వెల కట్టారు. కాపురమున్నది ఎవరు, భూస్వామి ఎవరు అన్నది ఊరూరా అచ్చువేసి, పటం మీద గుర్తుపెట్టారు. ఇంటి మీద పన్ను పడింది కాబట్టే ఇల్లు కాగితంలో మిగిలింది.

ఇక్కడ కొలత అంతకంటే ముందే మొదలైంది, కానీ చేను దగ్గరే ఆగింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాక, థామస్ మన్రో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. 1802 జూన్‌లో సర్వే మొదలైనప్పుడు అతని చేతిలో ఉన్నది నలుగురు గుమాస్తాలే. భూమి కొలవడం తెలిసినవాళ్లు అప్పటికి వాళ్లే. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లతో ఏడాది తిరిగేసరికి యాభై మందీ, మరుసటి ఏడాదికి వంద మందీ అయ్యారు. గొలుసు 33 అడుగులు. అటు గొలుసు, ఇటు గొలుసు కొలిస్తే గుంట, నలభై గుంటలైతే ఎకరం. కొండలు, బండలు వదిలేసి మిగతాదంతా కొలిచారు. మొదట్లో నెలజీతం ఇచ్చినా, చెయ్యి తిరిగాక ఎకరానికి ఇంతని లెక్కగట్టి ఇచ్చారు.

అప్పట్లో ఊళ్లో లెక్క రాసేది కరణం. కన్నడ సరిహద్దు ఊళ్లలో అతన్నే శానుభోగు అనేవారు. పాతకాలంలో అతని దస్తరం కడితం. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఎండబెట్టి, మడతలు పెట్టి, నల్లని ఆ అట్ట మీద తెల్ల బలపంతో రాసేవారు. ఏళ్ల తరబడి చెక్కుచెదరని రాత అది. కాకపోతే పని తీరిన లెక్కను తుడిచేసి అదే కడితం మీద కొత్తది రాసుకోవచ్చు. అలా ఎన్ని పేర్లు చెరిగిపోయాయో!

ఇల్లు సర్కారు కంట్లో పడిన సందర్భం ఒకటుంది. అదే మొతర్ఫా. మగ్గానికి, అంగడికి, చేతివృత్తికి, కొన్నిచోట్ల ఇంటికి కూడా ఆ పన్ను వేసేవారు. అందుకే ఆ కాలానికి సంబంధించినంతవరకు, చేను దున్నుకునే కాపు ఇంటికన్నా మగ్గమున్న సాలె ఇంటి ఆనవాలు కాగితంలో దొరికే అవకాశం ఎక్కువ. 1860ల మొదట్లో మొతర్ఫా రద్దయింది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

అదే సమయంలో మాన్యాల హక్కులు విచారించిన ఇనాం కమిషన్ మరో దారి తెరిచింది. పూజారి, కరణం, నీరుగంటి, ఎవరి మాన్యమైనా సరే, మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు అన్నవి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో గడులు గడులుగా రాశారు. మాన్యమున్న కుటుంబానికి అదే వంశవృక్షం. పట్టా రైతుకు ఆ వసతి లేదు.

అతని రాకపోకలు రాజీనామాలో, దర్ఖాస్తులో కనబడతాయి. శిస్తు కట్టలేనివాడు రాజీనామా ఇచ్చి చేను వదిలేసేవాడు, మరొకడు దర్ఖాస్తు పెట్టుకుని పట్టా పొందేవాడు. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాతి లెక్కల్లో ఒక పేరు మాయమైతే ఆ మనిషి వలసపోయాడో, కరువుకు బలైపోయాడో రిజిస్టరు చెప్పదు. చేను బీడుపడిందని మాత్రం రాసుకుంటుంది.

పైగా ఊరు కదలకపోయినా జిల్లా మారుతూ వచ్చింది. అనంతపురం బళ్లారి నుంచి విడిపోయింది 1882లో. అంతకుముందటి కాగితం కావాలంటే బళ్లారి పేరు మీద వెతకాలి. కదిరి 1910 దాకా కడప జిల్లాలో ఉంది. రాయదుర్గం 1953లో బళ్లారి నుంచి ఇటొచ్చింది. 2022లో హిందూపురం, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. దీనికి తోడు 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఏ చేను ఎవరి తాతదో నోటిమీద చెప్పగలిగిన మనిషి అక్కడితో కచేరీకి దూరమయ్యాడు.

ఇక మిగిలింది రిజిస్ట్రారు ఆఫీసులోని పాత దస్తావేజు. ఇల్లు అమ్మినా, తాకట్టు పెట్టినా, భాగాలు పంచుకున్నా చెక్కుబందీ రాయక తప్పదు: తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమట వీధి, ఉత్తరాన ఫలానా వారి దొడ్డి, దక్షిణాన రస్తా. ఇల్లు దానంతట అది దొరకదు, ఇరుగుపొరుగు చెబితేనే దొరుకుతుంది. పొరుగింటి వారసులను పట్టుకుని, వాళ్ల దస్తావేజుతో సరిచూస్తే ఒక్కోసారి మొండిగోడల దాకా చేరవచ్చు. పంచాయతీలు ఇంటి పన్ను వసూలు మొదలుపెట్టాక డిమాండు రిజిస్టరు కూడా తోడైంది.

గ్రామకంఠంలోని ఇళ్లను విడివిడిగా కొలిచి యజమానికి కార్డు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. ఈసారి గొలుసుకు బదులు డ్రోన్ వచ్చింది. మన్రో గుమాస్తాలు చేను కొలవడం మొదలుపెట్టి అప్పటికి దాదాపు 218 ఏళ్లు.