స్పెక్ట్రము కంప్యూటరు మీటలపలక: దోషనిర్ణయము

క్రీ. శ. 1982వ సంవత్సరము ఏప్రిలు నెలలో, ఆంగ్లదేశమున కేంబ్రిడ్జి పట్టణమందలి సింక్లెయిర్ రిసెర్చి సంస్థవారు జెడ్. ఎక్స్. స్పెక్ట్రమను కంప్యూటరును వెలువరించిరి. 16 కిలోబైట్ల యంత్రము వెల 125 పౌనులు. 48 కిలోబైట్లదానికి 175. వెల యింత తగ్గుటకు దాని మీటలపలకయు నొక కారణము. 40 మీటలకు వేర్వేరు స్విచ్చులు లేవు. పైని రబ్బరు తొడుగు, దాని క్రింద మెంబ్రేనను ప్లాస్టికు పొర, ఆ పొరలో సన్నని లోహరేఖలు, అంతియే. ఆ రేఖలు నేడు పెళుసెక్కి తెగుచున్నవి. లోపల సర్వము సరిగా నున్న యంత్రములు సయితము మూగవని పారవేయబడుచున్నవి. ఇది యన్యాయము.

పలకపై నాలుగు వరుసలు. ఒక్కొక్క వరుసకు ఎడమ పాలు, కుడి పాలు. ఇట్లెనిమిది పాళ్లు, పాలొకటికి మీటలయిదు. మన వర్ణమాలయందలి వర్గముల పొందిక యిట్టిదే. పాలున కొక రేఖ చొప్పున ఎనిమిది, స్థానమున కొక రేఖ చొప్పున అయిదు; ప్రతి మీటయు రెండు రేఖలు కలియు చోట నున్నది. ప్రతి పాలునను వెలుపలి యంచున నున్నది ప్రథమము.

ఒక పాలులోని యయిదును పలుకనిచో కవర్గమంతయు లోపించినట్లు. తెగినది ఆ పాలి రేఖ, కాదేని చెడినది దాని డయోడు. అట్లుగాక 1, క్యూ, ఏ, క్యాప్స్ షిఫ్ట్, 0, పీ, ఎంటర్, స్పేస్ అను నెనిమిదియు పలుకనిచో క చ ట త పలు మాత్రమే లోపించినట్లు. అపుడు ప్రథమస్థానపు రేఖను వెదకవలెను. ఒక్క మీటయే పలుకనిచో దోష మాచోటనే యుండును. ఈ యంత్రమున ఆజ్ఞారంభమున పీ నొక్కినచో అక్షరము గాక ప్రింటను పదమే వచ్చును. వైయాకరణులు దీని నాదేశ మందురు! కావున మీట యొకటి పోయిన, పదమును పోవును.

రేఖలు తెగుట తఱచుగా మెంబ్రేను తోకలయందు. అవి పొట్టివి, పైమూత నొక్కసారి యెత్తినంతనే చిట్లును. చీలిక కొనయందే యున్నచో ఆ కొనను కత్తిరించి మరల సాకెట్టున నిలుపవచ్చును. టంకము పనికిరాదు, ప్లాస్టికు కరగును. 1984లో వచ్చిన స్పెక్ట్రము ప్లస్‌నకు గట్టి మీటలున్నను అడుగున మెంబ్రేనే గలదు గనుక పరీక్ష యొక్కటియే.

క్రొత్త మెంబ్రేనులు నేడును తయారగుచున్నవి. పలుకని మీటల నెంచకయే వానిని కొని తొడుగువారు కలరు. డయోడు చెడిన యంత్రమున క్రొత్త పొర వేసినను, ఆ యయిదు మీటలే మరల మూగవై యుండును.