వెదురే తల్లి

విగ్రహం చెక్కడం రాకనే ఆదివాసులు కర్రకూ రాయికీ మొక్కుతారని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మేడారం గద్దెల కథ తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు.

ఆ కథ మొదలయ్యేది మన కొండగట్టుకు దగ్గరలోనే. జగిత్యాల పక్కనున్న పొలాసే ఒకప్పటి పొలవాస. దాన్నేలిన మేడరాజు వేటకు పోయినప్పుడు అడవిలో పులుల నడుమ ఒక పసిపాప దొరికిందట. ఆమే సమ్మక్క. తర్వాత కప్పం కట్టలేదని కాకతీయుల సేన మేడారం మీదికి వచ్చింది. భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో ఒరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు, అందుకే అది జంపన్న వాగైంది. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికినవాళ్లకు పుట్ట దగ్గర దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే.

దేహమే దొరకని తల్లికి ముఖం ఎలా చెక్కాలి? కోయలు చెక్కలేదు. కుంకుమ భరిణెనూ వెదురునూ ఆమె రూపంగా నిలుపుకున్నారు. ఈ వెదురును జాతరలో కంక అంటారు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. అడవి నుంచి తెచ్చిన పచ్చి వెదురును గద్దె మీద నాటుతారు. నాలుగో రోజు తల్లులు మళ్లీ వనంలోకి పోతారు. గుడిలోని రాతి విగ్రహం ఉన్నచోటే ఉంటుంది. ఈ తల్లి వస్తుంది, పోతుంది. కాబట్టి ఎండిపోయే వెదురే ఆమెకు తగిన రూపమని నా అభిప్రాయం. ఆమెకిచ్చే ‘బంగారం’ కూడా చెరుకు నుంచి వచ్చిన బెల్లమే.

ఆదిలాబాద్ గోండుల పెర్సాపేన్‌కూ మనిషి ముఖం లేదు. ఈటె మొన, చామరమే దేవుడు.

రుమేనియాలో పుట్టిన శిల్పి బ్రాంకూసి 1918లో ఓక్ కర్రతో ముఖమూ దేహమూ లేని స్తంభం చెక్కితే ప్రపంచం దాన్ని నైరూప్య శిల్పమంది. మనకు ఆయన సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ అదే చూపుతో మన కంకను ఎందుకు చూడరు?

మేడారం జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. జనం పెరిగారు, క్యాలెండర్ బొమ్మలూ పెరిగాయి. వాటిలో తల్లులకు కిరీటాలు, తెల్లటి ముఖాలు. తరగతిలో సమ్మక్క బొమ్మ గీయమంటే మన పిల్లలు కూడా వాటినే గీస్తున్నారు. వెదురు గీసేవాళ్లు ఒకరిద్దరే.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి జాతరకు వెళ్లే పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. వెదురును ఏ గుట్ట నుంచి తెచ్చారు, ఎవరు నరికారు, ఎలాంటి గడను ఎంచుకున్నారు, వడ్డెలను అడిగి రాసుకు రమ్మనండి.