ప్రశ్నపత్రం ఎవరి భాషలో?

ఓటు వేసేవాళ్లకు ముందు ఒక పరీక్ష పెట్టాలనే మాట చదువుకున్నవాళ్ల మధ్య తరచూ వింటుంటాం. శాసనసభ ఏం చేస్తుందో తెలియనివాడి ఓటుకూ, తెలిసినవాడి ఓటుకూ ఒకటే విలువా అని అడుగుతారు. సారాకీ నోటుకీ ఓటు అమ్ముకోవడం అలాగైనా ఆగుతుందంటారు. ఇలా అడిగేవాళ్లంతా దుర్మార్గులేమీ కాదు. దేశం మీద బెంగతో అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మా ప్రాంత చరిత్రలోంచే జవాబు చెప్పాలనుకుంటున్నాం.

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో పెనుబల్లి ఉంది. 1948 దాకా ఇది నైజాం ఇలాకా. పక్కనే ఉన్న తిరువూరు మద్రాసు రాష్ట్రంలోది. అక్కడ ఇంగ్లీషువాళ్ల పాలన. పాల్వంచ అడవులు దాటి, గోదావరి కూడా దాటితే భద్రాచలం. అదీ 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలోదే. ఈ అడవి అంచున తెలుగు, ఉర్దూ, కోయ మాటలు కలిసే వినపడేవి.

తిరువూరు వైపు 1937 ఎన్నికల్లో అందరికీ ఓటు లేదు. 1935 చట్టం ప్రకారం పన్ను కట్టేవాళ్లకూ, ఆస్తి ఉన్నవాళ్లకూ, చదవను రాయను వచ్చినవాళ్లకూ ఓటు దక్కింది. బ్రిటిషిండియా మొత్తం మీద అలాంటివాళ్లు దాదాపు మూడు కోట్లు. అందులోనూ ముస్లింలకు వేరే నియోజకవర్గాలు. పెనుబల్లి వైపు ఆమాత్రం ఓటు కూడా లేదు.

ఒకవేళ ఉండి, దానికి పౌరజ్ఞాన పరీక్ష పెట్టి ఉంటే ఏమయ్యేది? ప్రశ్నపత్రం ఉర్దూలో వచ్చేది. కచేరీ భాష అదే, కోర్టు భాష అదే, ఉస్మానియాలో చదువు చెప్పే భాషా అదే. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆయన వకీలు. చట్టం తెలిసిన మనిషి. ఆయనకు లేకపోయింది జ్ఞానం కాదు, ఆ సభలో తన భాషకు విలువ. ఆ అవమానం లోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. వకీలు గతే అదయితే పెనుబల్లి రైతు సంగతి చెప్పాలా?

మరి మేం నెగ్గేవాళ్లమా? రాజు మా మతంవాడు కాబట్టి రాజ్యం మాదేనని ఇవాళ్టికీ అనేవాళ్లున్నారు. దూదేకులవాళ్ల ఇంటి భాషే తెలుగు. పల్లెల్లో కూలిచేసుకునే సాయిబులు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, దాన్ని చదవగలిగినవాళ్లు ఎందరు? నిజాం పరీక్షలో మేమూ తప్పేవాళ్లమే.

1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1966లో తెలుగు అధికార భాష అయింది. న్యాయమే. కానీ అప్పుడు అదే పరీక్ష పెడితే, నిన్నటిదాకా ఉర్దూలో దస్తావేజులు రాసిన మనిషి తెల్లారేసరికి అజ్ఞాని అయ్యేవాడు. తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష కావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక కోయవాళ్ల సంగతి. ఏ రాజ్యంలోనూ వాళ్ల భాషలో ప్రశ్నపత్రం తయారయ్యేది కాదు. అడవి గురించి వాళ్లకు తెలిసింది ఎవరూ అడిగేవారు కాదు. అంటే ఒకే ఊళ్లో, పాలన మారినప్పుడల్లా అజ్ఞానులు మారిపోతారు. ఆ పరీక్ష కొలిచేది జ్ఞానాన్ని కాదు, అధికారానికి ఎవరు దగ్గరగా ఉన్నారన్నదాన్ని.

ఇది మా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం 1890లో రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదవాలి, లేదా విని అర్థం చెప్పాలి అని షరతు పెట్టింది. అర్థం సరిగా చెప్పారో లేదో తేల్చేది తెల్ల అధికారి. నల్లవాళ్లు లక్షల్లో ఓటుకు దూరమయ్యారు. ఆ పరీక్షల పని పట్టడానికి 1965లో ఓటుహక్కు చట్టం తేవాల్సి వచ్చింది.

మన రాజ్యాంగం 326వ అధికరణంలో వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 1951–52 ఎన్నికల్లో 17 కోట్లకు పైగా ఓటర్లు. దేశంలో అక్షరాస్యత నూటికి 18. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. కొన్ని నెలలకే ఆ చదువురాని జనం ఓటేశారు. ఖమ్మం లోక్‌సభ స్థానంలో పీడీఎఫ్ అభ్యర్థి టి.బి. విఠల్‌రావు గెలిచారు. భూమి ఎవరి చేతుల్లో ఉందో, వెట్టి ఎవరు చేయించారో జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది. అదే ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాల్లోంచి పోయాయి. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని తప్ప సొంత పేరు నమోదు కాకపోవడమే కారణం. వాళ్లు ఓటు పోగొట్టుకున్నది తెలివి లేక కాదు, జాబితాలో పేరు లేక.

చదువు ముఖ్యం కాదని మేం అనడం లేదు. పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించడానికి ప్రయత్నించాలని అదే రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. ఆ గడువు 1960తో తీరింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010లో. ఇంతకీ పరీక్ష తప్పింది ఎవరు?

అయినా శిక్ష మాత్రం చదువు అందనివాళ్లకే. హర్యానాలో పంచాయతీకి పోటీ చేయాలంటే ఇంత చదువుండాలని పెట్టిన చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు సమర్థించింది. అస్సాంలో 2019 నాటి పౌర జాబితాలో 19 లక్షల మందికి చోటు దొరకలేదు. మొదటిది చదువు కాగితం అడిగింది, రెండోది పుట్టుక కాగితం. దేశం మీద మా ప్రేమకు రుజువు అడిగించుకోవడం మాకు కొత్త కాదు. అందుకే ఓటుకు పరీక్ష అనగానే, ప్రశ్నలేమిటని కాక, పత్రం దిద్దేది ఎవరని అడుగుతాం. ఓటు మార్కులకు ఇచ్చే బహుమానం కాదు. పరీక్షలు పెట్టేవాళ్లను నిలదీయడానికి మా అందరి దగ్గరా సమానంగా ఉన్నది అదొక్కటే.