నీటి తీరువా ఎటు పోతోంది? కృష్ణా డెల్టా రైతు తెలుసుకోవలసిన సాగునీటి చట్టాలు

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదిలారని తెలియగానే ఎగువన నారుమళ్ళు మొదలవుతాయి. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను లాంటి శివారు ప్రాంతాల్లో మాత్రం రైతు బోదె వంక చూస్తూ రోజులు లెక్కపెట్టుకోవాలి. ఎందుకు రాలేదని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: పూడిక తీయలేదు, నిధులు లేవు. మరి మనం కట్టిన తీరువా ఏమైనట్టు? ఈ ప్రశ్న అడిగే హక్కు రైతుకు చట్టం ఇచ్చింది. ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితం చూపించి అడగాలో తెలియకపోవడం వల్లే చాలామంది ఊరుకుంటున్నారు.

తీరువా లెక్క

నీటి తీరువాను 1988 నాటి ఆంధ్రప్రదేశ్ నీటి పన్ను చట్టం ప్రకారం వేస్తారు. 1996లో సవరించిన రేట్ల ప్రకారం కృష్ణా డెల్టా లాంటి పెద్ద ప్రాజెక్టు కింద మొదటి పంట వరికి ఎకరానికి 200 రూపాయలు, రెండో పంట వరికి 150, ఆరుతడి పంటకు 100. చేపలు, రొయ్యల చెరువులకు ఫసలీ సంవత్సరానికి 500. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. బకాయి పడితే భూమి శిస్తు బకాయి లాగానే వసూలు చేసే అధికారం రెవెన్యూ వారికి ఉంది.

ఎన్ని ఎకరాలకు ఏ పంట కింద తీరువా వేయాలో రెవెన్యూ, జలవనరుల శాఖలు కలిసి చేసే అజమాయిషీలో తేలుతుంది. తప్పులు జరిగేదీ అక్కడే. కాలువ నీరు అందక బోరు కింద మినుము వేసిన చేను అడంగల్‌లో కాలువ కింద వరిగా నమోదైతే ఆ రేటే పడుతుంది. డిమాండు తయారయ్యాక గొడవ పడేకన్నా పంట నమోదు సమయంలోనే మీ సర్వే నంబరు చూసుకుని తప్పుంటే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. నేను పనిచేసిన ఒక మండలంలో ఓ పెద్దాయన రెండేళ్ళ తీరువా చేతికిచ్చి కాగితం అడగలేదు. ఆ తర్వాత బకాయిల జాబితాలో ఆయన పేరే వచ్చింది. కట్టానని చెప్పడానికి ఆయన దగ్గర చిన్న చీటీ కూడా లేదు.

ఖజానా నుంచి కాలువ దాకా

వసూలైన తీరువా నేరుగా మన కాలువకు రాదు. రాజ్యాంగం 266వ అధికరణ ప్రకారం పన్నుల సొమ్ము రాష్ట్ర సంచిత నిధిలో చేరాలి. శాసనసభ ఆమోదం లేకుండా అందులోంచి రూపాయి కూడా తీయకూడదు. బడ్జెట్‌లో కేటాయించి, ఉత్తర్వు ఇచ్చి, బిల్లు పాసైతేనే డబ్బు కాలువ పనికి చేరుతుంది.

పెద్ద ప్రాజెక్టుల కింద వసూలైన తీరువాలో సగం సాగునీటి సంఘానికి, 20 శాతం డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 20 శాతం ప్రాజెక్టు కమిటీకి, 10 శాతం గ్రామ పంచాయతీకి అని పంపకం నిర్ణయించారు. 200 రూపాయల్లో వంద మీ సంఘానిది అన్నమాట. కాగితం మీద ఉన్న ఈ వాటా ఏటా సకాలంలో చేతికి అందుతుందని నేను చెప్పలేను. ఒకటి మాత్రం నిజం. వసూలు తగ్గితే అడిగేవాడి గొంతు కూడా తగ్గుతుంది. పూర్తిగా కట్టిన ఊరి సంఘం లెక్క చూపించి అడగగలదు.

సంఘంలో మీ హక్కు

రైతుల సాగునీటి యాజమాన్య చట్టం 1997లో వచ్చింది. తూము కింద భూమి ఉన్న రైతులంతా సర్వసభ్య సభలో సభ్యులే. భూమి రికార్డులో కౌలుదారు పేరు నమోదై ఉంటే యజమానికి బదులు ఆయనే సభ్యుడు. మన డెల్టాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది కాబట్టి దున్నేవాడికి ఈ హక్కు అందడం లేదు. 2019 చట్టం కింద 11 నెలలకు ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు ఈ లోటు తీరుస్తుందని అనుకోవద్దు. అది రుణం, బీమా, పంట నష్టపరిహారం కోసం ఇచ్చేది. భూమి రికార్డులో పేరు ఎక్కించదు. అయినా తీసుకోండి, దాని ఉపయోగం దానికుంది.

2024 డిసెంబరులో రాష్ట్రంలో సాగునీటి సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఇప్పుడున్న కమిటీని సర్వసభ్య సభలో మూడు విషయాలు అడగండి: వంతుల పట్టిక, నిర్వహణ పనుల ప్రణాళిక, ఆడిట్ అయిన లెక్కలు. పూడికతీత జరిగిందని చెబితే కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, చూపించమనండి. అందులో రాసిన పొడవు, లోతు మీ బోదెలో ఉన్నాయో లేదో టేపు పట్టుకుని మీరే చూడవచ్చు. నీరు వదిలాక కొలిచేదేమీ ఉండదు, కాబట్టి వేసవిలో కాలువలు కట్టేసిన సమయంలోనే ఈ పని చేయాలి. చూపించకపోతే జలవనరుల శాఖ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

నీటి వంతు మీద సభ్యుల మధ్య తగాదా వస్తే ముందు సంఘం కమిటీ తేలుస్తుంది. ఆ నిర్ణయం నచ్చకపోతే డిస్ట్రిబ్యూటరీ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, 15 రోజులు దాటనివ్వకండి. అధ్యక్షుడి మీద నమ్మకం పోతే, పదవి చేపట్టిన ఏడాది తర్వాత మూడో వంతు సభ్యుల సంతకాలతో రీకాల్ నోటీసు ఇవ్వవచ్చు.

గట్టు, మురుగు కాలువ

ఇది కొందరికి నచ్చకపోవచ్చు. కాలువ గట్లు, మురుగు కాలువల పోరంబోకు ప్రభుత్వ ఆస్తి. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద నోటీసు ఇచ్చి ఆక్రమణదారును ఖాళీ చేయించవచ్చు. ఎన్నేళ్ళు సాగుచేసినా, జరిమానా కట్టినా అది పట్టా కాదు. గట్టు కొట్టి నీరు మళ్ళించడం, తూము షట్టరు సొంతంగా ఎత్తడం, కాలువకు అడ్డుకట్ట వేయడం 1997 చట్టం కింద నేరాలు. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

డెల్టాలో నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే. మిత్రా కమిటీ సిఫారసుల తర్వాత మురుగు కాలువల బాగు కోసం 1968లో డెల్టా రైతుల మీద ప్రత్యేక సెస్సు చట్టమే తెచ్చారు. ఆ రోజుల్లో మన పెద్దలు డబ్బు కట్టి తవ్వించుకున్న కోడులను ఇప్పుడు ఇరువైపులా అడుగు అడుగు చొప్పున కలుపుకుంటున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఆ నీరు కొల్లేరుకు పోయే దారి ఎంత ఇరుకైందో అందరం చూశాం.

మీ చేను పక్క కోడులో గుర్రపుడెక్క పేరుకున్నా, ఎవరైనా కట్ట వేసినా ఫోటో తీసి, తేదీ వేసి, సంఘం అధ్యక్షుడికీ జలవనరుల శాఖ ఏఈకీ ఒకే అర్జీ రెండు ప్రతులుగా ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే మూడో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఈ పని మే నెలాఖరులోపే చేయండి. వానలు మొదలయ్యాక పొక్లెయిన్ గట్టు మీదికి రాలేదు.