గ్రాట్యుటీ: ఇక్కడొక అర్థం, అక్కడొక అర్థం

గ్రాట్యుటీ అంటే ఏమిటో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. నాకది 2008లో, రిటైరైన పద్నాలుగు నెలలకు చేతికొచ్చింది. ఈలోగా అమ్మాయి పెళ్లికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాను.

కొన్నేళ్లకు అదే అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లాం. ఒకనాడు హోటల్లో బిల్లు కింద 'గ్రాట్యుటీ 18 శాతం' అని ఉంది. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివాను. "వడ్డించినవాళ్లకిచ్చే టిప్పు నాన్నా" అని అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి నిఘంటువు తిరగేశాను. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం, సంతోషించి ఇచ్చే కానుక. బ్రిటిష్ సైన్యంలో కొలువు విడిచే సిపాయికిచ్చే మొత్తానికీ అదే పేరు. మన సర్వీసు రూల్సులో నిలిచినది ఈ రెండో అర్థం. అమెరికాలో మొదటిది హోటలు బిల్లెక్కింది. అయినా సైనికుడు కొలువులో ఉండగా మరణిస్తే కుటుంబానికిచ్చే సొమ్మును అక్కడా 'డెత్ గ్రాట్యుటీ' అనే అంటారు.

కానుక అన్న అర్థాన్ని మన న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. పెన్షన్ దయాభిక్ష కాదన్న 17-12-1982 నాటి నకారా తీర్పు మనందరికీ కంఠస్థమే. 2013లో జార్ఖండ్ ప్రభుత్వ కేసులో సుప్రీంకోర్టు గ్రాట్యుటీని కూడా ఉద్యోగి ఆస్తిగానే లెక్కించింది. రాజ్యాంగం 300-ఎ అధికరణం ప్రకారం చట్టాధారం లేకుండా దాన్ని ఆపరాదంది.

ఆ తీర్పు నాటికి నా సొమ్ము వచ్చి అయిదేళ్లయింది. నా కాగితాలు కదలడానికి ఆ సెక్షన్లో ఒకరికి నేనే అమెరికా అర్థంలో గ్రాట్యుటీ సమర్పించుకున్నాను.