దూరమాపక కెమేరాలు, వాని కటకముల పొత్తు
(ఒక చారిత్రక పరిశీలన)

ఛాయాచిత్రకళ చరిత్రను వ్రాయువారు కటకములను గూర్చియు, ఫిల్మును గూర్చియు విస్తరించి చెప్పుదురు. ఈ రెంటికిని నడుమ నున్న దూరమాపకమును, అనగా రేంజిఫైండరును గూర్చి చెప్పునది తక్కువ. అయినను ముఖచిత్రము స్పష్టముగా వచ్చుటయు, మసకబారుటయు పెక్కుమారులు దీనిపైననే యాధారపడి యుండును. చెడిపోయినదని మూలకు త్రోయబడిన కటకమునందు నిజమున కే దోషమును లేకపోవచ్చును. లోపించినది కెమేరాతోడి పొత్తు మాత్రమే. ఆ పొత్తు ఎట్లేర్పడెనో, ఎచ్చట చెడుచున్నదో తెలియక దానిని సరిచేయుట సాధ్యము కాదు.

దూరమాపకమునకు ముందువైపున రెండు గవాక్షము లుండును. ఒకదానినుండి దృశ్యము సూటిగా కంటికి చేరును. రెండవదానినుండి లోపల కదలెడి యద్దముమీదుగా చేరును. రెండు బింబములు నొకటైనపుడు అద్దపు వంపునుబట్టి దూరము తెలియును. ఈ సూత్రము మొదట ఫిరంగులు గురిపెట్టువారి కక్కరకు వచ్చినది. దీనిని కటకముతో ముడిపెట్టి, బింబములను కలుపుటయు కటకమును జరుపుటయు నొకే పనిగా చేసిన తొలి కెమేరా 1916 లో కోడక్ వారు వెలువరించిన 3ఎ ఆటోగ్రాఫిక్ స్పెషల్.

అయితే పొత్తు సమస్య నిజముగా తలయెత్తినది జర్మనీలోని వెట్జ్‌లార్ నగరమున. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925 లో బయటకు వచ్చినపుడు దాని కటకము ఊడదీయదగినది కాదు; దూరమును కంటితో నంచనా వేసికొనవలసినదే, లేదా వేరొక మాపకమును పైన తగిలించుకొనవలసినదే. 1930 లో 39 మిల్లీమీటర్ల మరతో కటకములను మార్చుకొను వీలు కల్పించిరి. కాని అప్పటికి కటకము కూర్చుండు తలమునకును ఫిల్మునకును నడిమి దూరము ప్రతి కెమేరాకును కొంచెము కొంచెము భిన్నముగా నుండెను. కావున ప్రతి కటకమును నొక్కొక్క కెమేరాకు ప్రత్యేకముగా సరిపెట్టి యిచ్చుచుండిరి. పొరుగువాని కటకము తెచ్చి తగిలించినచో మరలో కూర్చుండునేగాని బొమ్మ కుదరదు. 1931 లో ఆ దూరమును 28.8 మిల్లీమీటర్లుగా స్థిరపరచి, అట్టి కెమేరాలపై సున్న గుర్తును చెక్కిరి. ఆ చిన్న సున్నకు ఛాయాచిత్ర చరిత్రలో దక్కవలసినంత గౌరవము దక్కలేదనియే చెప్పవలయును. మరుసటి సంవత్సరమున రెండవ లైకా జోడించిన దూరమాపకముతో రాగలుగుటకు పునాది అదియే. అదే 1932 లో జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ వచ్చినది. దాని గవాక్షముల నడిమి దూరము సుమారు 10 సెంటీమీటర్లు. లైకాకు 4 కంటె తక్కువ. ఈ దూర మెంత పెద్దదైన కొలత యంత నిశితము.

లైకాలో కటకపు వెనుకభాగము ఒక చిన్న రోలరును నెట్టును. రోలరు చేతిని, చేయి అద్దమును కదల్చును. ఈ యేర్పాటు 51.6 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకమునకు సరిగా లెక్కింపబడినది. 50 అని పైన వ్రాసి యుండుట వ్యవహారమునకు మాత్రమే. పొట్టి కటకములకును పొడుగు కటకములకును వెనుకనున్న క్యామును వేరొక వాలుతో చెక్కి, రోలరు మాత్రము 51.6 కటకమునకువలెనే కదలునట్లు చేయుదురు. కాంటాక్స్ వారి ప్రమాణము 52.4 కు దగ్గరది. ఈ యించుక భేదమే తరువాతి చిక్కుల కన్నిటికిని మూలము.

సోవియట్ దేశమున ఖార్కోవ్ నగరములో 1934 నుండి ఫెడ్ అను పేర లైకాను పోలిన కెమేరాలు తయారైనవి. తొలినాళ్ల ఫెడ్‌లలోను కటకమును కెమేరాకు విడివిడిగా సరిపెట్టు పద్ధతియే సాగినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము జైస్ వారి సోనార్ కటకముల వంశమే జూపిటర్ అను పేర లైకా మరలోనికి ప్రవేశించినది. మర 39, దూరము 28.8, రెండును కుదిరినవి. నాభ్యంతరము మాత్రము కాంటాక్స్ వంశపుది. అట్టి కటకమును లైకాకు తగిలించి, అనంతమున సరిపెట్టి, ఒక మీటరు దూరమున నున్న ముఖమును చూచినచో ఏమగును? 51.6 కటకము ఆ దూరమునకు సుమారు 2.98 మిల్లీమీటర్లు ముందునకు జరుగవలయును, 52.4 కటకము 3.08 జరుగవలయును. దూరమాపకము 2.98 దగ్గరనే చాలుననును. మిగిలిన పదవవంతు మిల్లీమీటరు స్వల్పమని తోచును. కాని ద్వారమును 2 అంకెవద్ద తెరచినపుడు ఫిల్ముతలమున సహింపదగినది అటునిటు సుమారు 0.06 మాత్రమే. ఫలితముగా స్పష్టతాస్థానము మూడు సెంటీమీటర్లు వెనుకకు పోవును. కన్నులు మసకబారి చెవులదగ్గరి వెండ్రుకలు తేటపడును. 85 మిల్లీమీటర్ల జూపిటర్-9 వంటి వానిలో నీ భేద మింకను మించును. జపాను దేశపు నికాన్‌కును కాంటాక్స్‌కును ఇట్టిదే తగవు. బిగింపు ఒక్కటే, పొడుగు కటకములు మాత్రము దగ్గరి దూరమున పొసగవు.

ఇక దోషమెచ్చటనో కనిపెట్టు విధము. రెండు కెమేరాలు, రెండు కటకములు దొరికినచో సగము పని తీరినట్లే. ఒకే కటకము రెంటిపైనను తప్పినచో దోషము కటకమునది. ఒకే కెమేరాపై నన్ని కటకములును తప్పినచో కెమేరాది. తక్కినవన్నియు కుదిరి ఒక జంట మాత్రమే తప్పినచో, పైన చెప్పిన వంశభేదమును శంకింపవలయును. దూరమాపకపు మరను త్రిప్పుటకు ముందు ఫిల్ముతలమున నిజముగా నేమి పడుచున్నదో చూడవలెను. వెనుక తలుపు తెరచుకొను కెమేరాలో షట్టరును తెరచి యుంచి, గరుకు అద్దపు ముక్కను గరుకువైపు కటకమునకభిముఖముగా ఫిల్ము పట్టాలపై నుంచి, భూతద్దముతో పరిశీలింతురు. ఇచట పలువురు పొరపడుదురు. పట్టాలు రెండు జతలుండును; లోపలి జతపైననే ఫిల్ము నడచును, వెలుపలి జత ఒత్తుపలక కొరకు. వెలుపలిదానిపై నద్దము నుంచిన కొలత యంతయు వ్యర్థము. పాత మరలైకాకు వెనుక తలుపే లేదు. ఫిల్ము అడుగునుండి ఎక్కించుదురు కనుక, పైతొడుగు విప్పక యీ పరీక్ష సాగదు.

కటకము అనంతమున సరిగా నున్నదని తేలిన పిమ్మట దూరమాపకమును చూడవలెను. దూరపు గోపురముపై రెండు బింబములు నిలువునను అడ్డమునను కలియవలయును. అచ్చట కుదిరి దగ్గర తప్పినచో రోలరు చేతిని సవరింపవలయును. దగ్గరిదానిని సవరించిన వెనుక అనంతమును మరల చూడక తప్పదు, ఒకటి రెండవదానిని కదల్చును. జూపిటర్ కటకములలో గాజుభాగమునకును తొడుగునకును నడుమ షిమ్ అను పలుచని లోహవలయ ముండును. దానిని కొంచెము మందము చేసినచో కటకము ముందునకు జరిగి దగ్గరి దూరమున లైకాతో నొడబడును. అనంతమున మాత్రము ద్వారమును చిన్నది చేసికొనవలసి వచ్చును. ఏ దూరమున నెక్కువ చిత్రములు తీయుదురో నిశ్చయించుకొనకయే షిమ్ మార్చుట బుద్ధిమంతుల పని కాదు.

సోనార్ వంటి కటకములకు వేరొక స్వభావము కలదు. లుడ్విగ్ బెర్టెలె రచించిన యీ కటకమున ద్వారమును చిన్నది చేసినకొలది స్పష్టతాస్థానము వెనుకకు జరుగును. 1.5 అంకెవద్ద సరిపెట్టినది 2.8 వద్ద తప్పును. దీనిని దోషమని మరమ్మతు చేయింపబూనువారు సొమ్ము పోగొట్టుకొందురు, బాగున్న దూరమాపకమును చెరుపుకొందురు.

ఎప్సన్ వారి ఆర్-డి1 2004 లోను, లైకా ఎం8 2006 లోను వచ్చిన పిదప ఫిల్ము స్థానమును సంవేదక ఫలక మాక్రమించినది. చిత్రమును తెరపై నెంతయైన పెంచి చూడ వీలగుటచే, కాగితపు బొమ్మలో దాగియుండిన లోపములు పైకి తేలినవి. 2012 లో ప్రకటింపబడిన లైకా ఎం కెమేరాలో ఫలకముపై పడు బింబమును అప్పటికప్పుడు తెరపై చూచు వీలు కల్పింపబడెను. పూర్వము గరుకు అద్దపు ముక్క చేసిన పనిని ఆ తెర చేయుచున్నది. దూరమాపకము చెప్పినదానిని దానితో పోల్చి చూచుకొనుటకు కెమేరా నిపుడు విప్పవలసిన పనిలేదు.